కళాజీవనం: సంభావన నుండి వేతనం వరకు

తెలుగు సాహిత్య సంప్రదాయం కవి జీవనాన్ని గురించి రెండు చిత్రాలను తరతరాలుగా భద్రపరచుకొన్నది. ఒకటి రాయల సభలో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం అందుకొన్న శ్రీనాథునిది. రెండవది రాజులకు కృతి నీయక, హలం పట్టి బ్రతికినాడని లోకం చెప్పుకొనే పోతనది. మొదటి చిత్రంలో కవికి సిరి రాజు దయవలన వచ్చినది. ఆ దయ తొలగిన తరువాత అతడు పడిన అవస్థలను చాటువులు నేటికీ చెప్పుతూనే ఉన్నవి. రెండవ చిత్రంలో కవికి తిండి పొలం పెట్టినది గాని కావ్యం పెట్టలేదు. ఈ రెండింటిలోను కానరానిది ఒకటున్నది: చేసిన కళకు ముందుగా ఒప్పుకొన్న, అడిగి తీసికొనగల ప్రతిఫలం. ఆ మూడవ చిత్రాన్ని సంప్రదాయం గీయలేదు. అది లేకపోవటంవలన కలిగిన నష్టం ఒక్క కవిది మాత్రమే కాదు. ఏ ఇంటి బిడ్డ కళాకారుడు కాగలడు, ఏ ఇంటి బిడ్డ కాలేడు అన్న విషయం చాలవరకు ఆ లోపమే నిర్ణయిస్తూ వచ్చినది.

ఈ సంగతిని భాషే చెప్పుతుంది. చేసిన పనికి చేతికందే సొమ్మును తెలియజేసే మాటలు తెలుగులో రెండు జాతులుగా ఉన్నవి. సంభావన, పారితోషికం, బహుమానం, సన్మానం ఒక జాతి. జీతం, కూలి, బత్తెం, కిరాయి మరొక జాతి. మొదటి జాతి మాటలలో కర్త ఇచ్చేవాడు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో అతని ఇష్టం. రెండవ జాతి మాటలలో పుచ్చుకొనేవానికి హక్కు ఉన్నది, ఇవ్వకపోతే నిలదీయవచ్చును. కళాకారునికి లోకం మొదటి జాతి మాటలనే కేటాయించినది. అది గౌరవమని అందరూ తలచినారు. కాని కూలి తగ్గినదని అడిగిన మేస్త్రీని ఎవరూ చిన్నచూపు చూడరు. సంభావన తగ్గినదని అడిగిన కవిని ఆశపోతు అంటారు. వేతనానికి ముందు గౌరవాన్ని చేర్చి 'గౌరవ వేతనం' అన్నప్పుడు కూడా తరుగు పడేది వేతనమే.

ఇందువలన కలిగే ఫలితం సూక్ష్మమైనది. ప్రతిఫలం నిశ్చయంగా లేని వృత్తిలో నిలువగలిగేవాడు మరొక ఆదాయం కలవాడే. ఆధునిక తెలుగు రచయితలలో ఉపాధ్యాయులు, కార్యాలయోద్యోగులు, ఆకాశవాణిలో పనిచేసినవారు ఎందరున్నారో లెక్క చూచుకొంటే ఈ మాట స్పష్టమవుతుంది. ఆ ఉద్యోగాలే వారిని రచయితలుగా నిలిపినవి. 'ఇప్పటికి ఊరక వ్రాయండి, పేరు వస్తుంది' అనే మాట ఇల్లూ జీతమూ ఉన్నవానికి ఆహ్వానం వలె వినబడుతుంది. ఏ రోజు సంపాదన ఆ రోజు తినే ఇంటినుండి వచ్చిన యువతికి అదే మాట మూసిన తలుపు. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, ఆమె రాలేకపోయినది. సాహిత్యంలో ఫలానా వర్గంవారి గొంతు ఎందుకు వినబడలేదని తరువాత చర్చ జరిగినప్పుడు, ప్రతిభను గురించి ప్రశ్నలు వస్తవి గాని ఈ లెక్కను ఎవరూ తీయరు.

పాత సమాజంలో కళలన్నీ దయమీదనే బ్రతికినవని అనుకోవటం పొరపాటు. తెలంగాణంలో ఆశ్రిత కులాల కళలు ఇందుకు నిదర్శనం. పద్మశాలీలకు కూనపులివారు, కురుమలకు ఒగ్గువారు, గొల్లలకు మందెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు కుల పురాణం చెప్పే కళాకారులు. పోషక కులంవారి గ్రామాలను ఈ కుటుంబాలు తమలో తాము పంచుకొని మిరాశిగా అనుభవించినవి. ఒకరి మిరాశి గ్రామంలో మరొకరు ఆడరాదు. ఆడినవారికి ఊరు ఇచ్చేదానిని 'త్యాగం' అన్నారు. పేరు త్యాగమే అయినా అది హక్కుగా రాబట్టుకొనే ప్రతిఫలమే. దీనిలో ప్రదర్శన వేళ, ప్రతిఫలం, వారసత్వం, పోటీకి హద్దులు అన్నీ ఉన్నవి. నేటి ఒప్పందపత్రాలలో ఉండవలసిన అంశాలు చాలావరకు నిరక్షరాస్యులని లోకం అనుకొన్నవారి కట్టుబాటులో ఉన్నవి.

అట్లని ఆ వ్యవస్థను ఆదర్శమనరాదు. ఆ హక్కు కులంతో ముడిపడినది. కళాకారుడు పోషకుని కంటె తక్కువవాడనే మెట్టు అందులో స్థిరంగా ఉన్నది. పురాణం చెప్పినవాడు ఊరి లోపలికి ఎంతవరకు రావచ్చునో కూడ ఆ మెట్టే నిర్ణయించినది. వేరొక కళను గాని, వేరొక బ్రతుకును గాని ఎంచుకొనే స్వేచ్ఛ లేదు. మగ్గాలు ఆగి, మందలు తగ్గి, పోషకులే కూలికై పట్టణాలకు వెళ్లిన తరువాత ఆ హక్కు నిలువలేదు. హక్కు పోయినది, తక్కువతనం మాత్రం మిగిలినది. దాని స్థానంలో పౌరునికి తగిన వేరొక హక్కు రావలసి ఉన్నది. అది ఇంకా పూర్తిగా రాలేదు.

డక్కలి కుటుంబంలో పుట్టిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అరుదైన కళాకారులు. 2022లో వారికి పద్మశ్రీ వచ్చినది. 2024 మే నెలలో వారు హైదరాబాదు సమీపాన కట్టడం పనిలో రోజుకూలిగా కనబడినారన్న వార్త పత్రికలలో వచ్చి అందరినీ కలవరపెట్టినది. కూలిపని అవమానమని కాదు. దేశం గొప్పదని ముద్రవేసిన విద్య ఆ ఇంటికి రోజు గడిచే ఆధారం కాలేకపోయినదన్నదే అందులో గ్రహించవలసిన విషయం. పురస్కారం ఒక దినపు సంగతి. కుటుంబపు ఖర్చు నెలనెలా వచ్చేది.

ఈ పరిస్థితి తెలుగు దేశానికే పరిమితం కాదు. పశ్చిమ రాజస్థానంలో మాంగణియార్లు తరతరాలుగా తమ యజమాన కుటుంబాల పెళ్లిళ్లలో, పుట్టుకలలో పాడి హక్కుగా బహుమానాలు పుచ్చుకొనేవారు. కోమల్ కోఠారి వంటి విద్వాంసుల కృషివలన వారి పాట ఎడారి దాటి దేశదేశాల వేదికలకు వెళ్లినది. యజమాని ఇంటిలో ఎవరికి ఎంత రావలెనో ఇరువురికీ తెలుసు. దూరదేశపు వేదిక మీద టిక్కెట్టు ధర ఎంతో, అందులో తన వంతు ఎంతో పాటగానికి తెలియాలంటే ఒప్పందం వ్రాతలో, అతనికి తెలిసిన భాషలో ఉండాలి. కళ వెళ్లినంత దూరం కళాకారుని హక్కు కూడ వెళ్లాలి.

కుటుంబమే సంస్థగా మారి ఈ సమస్యను ఎదుర్కొన్న ఉదాహరణ సురభి. 1885లో కడప మండలంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి చొరవతో 'కీచకవధ' ఆడటంతో ఆరంభమైన ఈ సమాజం, స్త్రీపాత్రలను పురుషులే ధరించే రోజులలో తమ ఇంటి స్త్రీలను రంగస్థలం ఎక్కించినది. తెరలు కట్టేవారు, దీపాలు చూచేవారు, హార్మోనియం వాయించేవారు, పాత్రలు ధరించేవారు అందరూ ఒకే ఇంటివారు. డేరా వద్దనే కాపురం, అక్కడే వంట. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి నటించినారు. సినిమా నాటకాన్ని మింగినదని తరచు చెప్పుకొంటారు. అది నాటకం పెంచిన నటులను తీసికొన్నదన్న సంగతి కూడ చెప్పుకోవాలి. ఉమ్మడి కుటుంబం ఆకలిని పంచుకోగలదు. ముసలితనానికి పింఛను, జబ్బుకు వైద్యం, పిల్లలకు బడి సమకూర్చటం ఒక్క కుటుంబానికి శక్తికి మించిన పని. అవి సమాజం చేయవలసిన ఏర్పాట్లు.

కళలోనికి ప్రవేశించటానికి చెల్లించే మూల్యం అందరికీ ఒకటి కాదు. 1895లో వినుకొండలో జన్మించిన గుర్రం జాషువ యౌవనంలో రాజమండ్రిలో మూకీచిత్రాలకు కథ చదివి వినిపించే పని చేసినారు; ఉపాధ్యాయులైనారు; యుద్ధకాలంలో ప్రచారకులుగా పనిచేసినారు; తరువాత ఆకాశవాణిలో ఉన్నారు. 'గబ్బిలం' 1941లో వెలువడినది. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. ఈ వృత్తుల పట్టికను ఆయన కావ్యాల పట్టికతో పక్కపక్కన పెట్టి చదివితే, అస్పృశ్యతను ఎదుర్కొంటూ పద్యం వ్రాసిన కవి రెండు పనులు ఒకేసారి చేసినాడని తెలుస్తుంది. గుంటూరు ప్రాంతంలో పేద దూదేకుల కుటుంబంలో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను దేశమంతటికీ తెలియజేసినారు; 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. ప్రజానాట్యమండలి వంటి సంస్థ ఒకటి ఆయనకు వేదిక నిచ్చినది. ప్రతిభ ఒంటరిగా పైకి వస్తుందన్న నమ్మకం ఈ జీవితాల ముందు నిలువదు. వేదిక, భోజనం, తోడుండే మనుషులు కావాలి.

ఇటీవలి కాలంలో కూడ దూరంగా ఉంచబడినవారు తలుపులు తామే తీసికొన్నారు. స్త్రీవాద కవితల 'నీలిమేఘాలు' 1993లో, దళిత కవితల 'చిక్కనవుతున్న పాట' 1995లో, ముస్లిం కవితల 'జల్‌జలా' 1998లో వెలువడినవి. తెలుగు కవిత్వపు పదసంపద, వస్తువు, అభిరుచి ఈ సంకలనాలతో మారినవి. వైవిధ్యం దానమిచ్చినట్లు ఇచ్చేది కాదు, అది సాహిత్యానికే లాభం అనటానికి ఇంతకంటె రుజువు అక్కరలేదు.

ఎవరిని కళాకారుడని పిలుస్తారు అన్న ప్రశ్న కూడ ఇక్కడ వస్తుంది. కర్ణాటక సంగీత సభలో మృదంగ విద్వాంసుని పేరు అచ్చులో ఉంటుంది. తోలు ఎంచి, తడిపి, బిగించి, శ్రుతి కుదిరేవరకు కరణ వేసే చేతులు ఎవరివో శ్రోతలకు తెలియదు. గాయకులు టి. ఎం. కృష్ణ 2020లో ప్రకటించిన గ్రంథం మృదంగ నిర్మాతల చరిత్రను వెలికి తెచ్చినది. వారిలో పెక్కురు దళిత క్రైస్తవ కుటుంబాలవారు. నాదంలో వారి చెవి, వారి నేర్పు ఉన్నవి. ఐనా ఒకరికి సంభావన, మరొకరికి మరమ్మతు కూలి. కళలో చేతికీ బుద్ధికీ మధ్య గీసిన గీత చాలాచోట్ల కులపు గీతే.

ఇక చట్టం సంగతి. ఇది రచయితలకు దగ్గర విషయం కనుక కొంత వివరంగా తెలియవలసినది. 1957నాటి కాపీరైటు చట్టం రచనకు కర్తనే తొలి యజమానిగా గుర్తించినది. కాని చలనచిత్ర గీతాల విషయంలో 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, నిర్మాత ప్రతిఫలమిచ్చి వ్రాయించుకొన్న పాటకు, వేరే ఒప్పందం లేనప్పుడు, నిర్మాతే తొలి యజమాని. గీతకర్తకు ఒకసారి ముట్టిన సొమ్ముతో సంబంధం తెగిపోయినది. పాట మాత్రం రేడియోలో, క్యాసెట్టులో, పెళ్లిపందిట్లో, తరువాత టెలివిజనులో, ఫోనులో దశాబ్దాలపాటు సంపాదిస్తూనే వచ్చినది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్, పాడినవారికి చట్టం ఏ హక్కూ ఇవ్వలేదని ప్రత్యేకంగా ఎత్తిచూపినారు. 1994 సవరణలో ప్రదర్శకుల హక్కు చేరినది. ఆ సందర్భంలో ప్రదర్శకుడంటే ఎవరో చెప్పుతూ చట్టం నటుని, గాయకుని, నర్తకునితో పాటు దొమ్మరివానిని, గారడీవానిని, పాములాడించేవానిని కూడ పేర్కొన్నది. సాహిత్య సభలు ఇంకా తేల్చుకోలేని విషయాన్ని చట్టం ఒక్క వాక్యంలో తేల్చినది.

2012 జూన్ 21న అమలులోకి వచ్చిన సవరణ మరింత ముఖ్యమైనది. రాజ్యసభ సభ్యులుగా కవి జావేద్ అఖ్తర్ దీనికై వాదించినారు. చలనచిత్రంలో గాని, ధ్వనిముద్రణలో గాని చేరిన సాహిత్య, సంగీత రచనల కర్తలు, హక్కు బదిలీ పుచ్చుకొన్నవారితో సమాన ప్రాతిపదికపై రాయల్టీ పొందవలెనని అది నిర్దేశించినది. సినిమాహాలులో చిత్రంతో పాటు వినబడే సందర్భం దీనికి మినహాయింపు. ఇందులోని బలం మరొక చోట ఉన్నది: ఈ హక్కును కర్త వదులుకొన్నానని సంతకం చేసినా ఆ సంతకం చెల్లదు. అవసరంలో ఉన్న మనిషి దేనికైనా సంతకం చేస్తాడని చట్టం గ్రహించినది. బలహీనుని పక్షాన నిలిచే న్యాయం ఇట్లాగే ఉండాలి.

పుస్తక రచయితకు ఉపయోగించే నియమాలు మరికొన్ని ఉన్నవి. హక్కు బదిలీ వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చాలదు. కాలం చెప్పకపోతే అది ఐదేండ్లకే చెల్లుతుంది. ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. పుచ్చుకొన్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వినియోగించకపోతే, వేరే షరతు లేనప్పుడు, అది తొలగిపోతుంది. ఒప్పందంనాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా చెప్పితే తప్ప, 2012 తరువాతి బదిలీ వర్తించదు. పత్రికలో ఉద్యోగంచేస్తూ వ్రాసిన రచనకు పత్రికలలో ప్రచురించే హక్కు యజమానిది. తక్కిన అన్ని హక్కులు రచయితవే. కర్త మరణానంతరం అరవై ఏండ్లవరకు కాపీరైటు నిలుస్తుంది. కనుక నేటి నిర్లక్ష్యం మనుమల కాలానికి కూడ నష్టమే. ఈ నియమాలు తెలియక సంతకాలు చేసినవారు తెలుగు సాహిత్యంలో తక్కువమంది కారు.

చట్టం ఉన్నంతమాత్రాన పనిచోటు న్యాయంగా ఉండదు. చలనచిత్ర కార్మికులకు వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలని 1981లోనే ప్రత్యేక చట్టం వచ్చినది. తరువాత దానిని 2020నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల సంహితలో కలిపినారు. ఐనా కేరళ ప్రభుత్వం 2017లో నియమించిన జస్టిస్ హేమ కమిటీ అక్కడి చలనచిత్ర రంగంలో స్త్రీల స్థితిని విచారించి 2019లో సమర్పించిన నివేదిక, 2024 ఆగస్టులో మాత్రమే, కొన్ని భాగాలు తొలగించి, బయటికి వచ్చినది. లైంగిక వేధింపులతో పాటు, పనిస్థలంలో మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకొనే గది వంటి కనీస వసతులు లేకపోవటం అందులో చోటుచేసికొన్నది. స్త్రీల ప్రతిభను గురించి సభలలో మాట్లాడేవారు ముందు ఈ గదిని గురించి మాట్లాడవలసి ఉన్నది.

ఇంతవరకు రచయిత పుచ్చుకొనేవానిగా కనబడినాడు. కాని రచయిత ఇచ్చేవాడు కూడ. జానపద సాహిత్య సేకరణను చూడండి. పల్లెలో ఒక ముసలమ్మ మూడు రాత్రులు మేలుకొని పాడిన పాట పుస్తకమవుతుంది. అట్ట మీద సేకర్త పేరు ఉంటుంది. పాడిన ఆమె పేరు కొన్నిసార్లు చివరి పుటలో, కొన్నిసార్లు ఎక్కడా ఉండదు. పరిశోధనకై చేసే ధ్వనిముద్రణను చట్టం అనుమతిస్తుంది. కాని తన ప్రదర్శనకు తన పేరు చెప్పించుకొనే హక్కును ప్రదర్శకులకు 2012 సవరణ ఇచ్చినది. ఆమె ఊరు, పేరు పాటతో పాటు అచ్చువేయటం, ఆ మూడు రాత్రుల కూలిని పోగొట్టుకొన్నది గనుక దానిని చెల్లించటం, పుస్తకం పునర్ముద్రణమైతే ఆమెకు తెలియజేయటం పరిశోధకుని ఔదార్యం అనిపించుకోవు. అవి బాకీ తీర్చటం. అనువాదకుని పేరు అట్టమీద వేయని ప్రచురణకర్త, శిష్యునిచేత పేరులేకుండా సంభాషణలు వ్రాయించుకొనే సినీరచయిత కూడ ఇదే బాకీలో ఉన్నారు.

1980లో బెల్‌గ్రేడులో సమావేశమైన యునెస్కో మహాసభ, కళాకారుని స్థితిని గురించి చేసిన సిఫారసులో, ఉద్యోగసంబంధం ఉన్నా లేకపోయినా కళను జీవితంలో ప్రధానంగా భావించేవానిని కళాకారునిగా గుర్తించవచ్చునని, కష్టజీవులకు ఉండే సామాజిక రక్షణలు అతనికీ ఉండాలని చెప్పినది. కళాకారుడు కష్టజీవి అని ఒప్పుకోవటంలో కళకు లోటు లేదు. పద్యం కూలికై పుట్టదు, నిజమే. కాని పద్యం వ్రాసేవానికి ఆకలి ఉన్నది, ఇల్లున్నది, పద్యానికి పట్టే కాలమున్నది. ఆ కాలం ఉచితంగా ఎవరికి దొరుకుతుందో వారే కవులైతే, భాష ఒక వర్గపు ఆస్తి అవుతుంది.

మార్పు పెద్ద ప్రకటనలతోనే రానక్కరలేదు. ఒక సాహిత్య సభ ఆహ్వానపత్రంలో తేదీ, విషయం వ్రాసినట్లే, ఇవ్వబోయే సొమ్ము, ప్రయాణపు ఖర్చు, చెల్లించే రోజు వ్రాయవచ్చును. విద్వాంసునికి ఎట్టి ఉత్తరం వెళ్లుతుందో ఒగ్గుకథకునికీ, డప్పు కళాకారునికీ అట్టి ఉత్తరమే వెళ్లవచ్చును. శాలువా కప్పే సంఘం వేదిక దిగేముందు ప్రతిఫలం చేతికివ్వవచ్చును. అకాడమీలు, విశ్వవిద్యాలయాలు, పత్రికలు, ప్రచురణసంస్థలు ఈ చిన్న పద్ధతిని పాటిస్తే, శ్రీనాథుని కనకానికీ పోతన హలానికీ నడుమ ఇన్నాళ్లుగా ఖాళీగా ఉన్న చోటు నిండుతుంది.